ఇంటి ఇన్సూరెన్స్: రెండు కోట్‌ల మధ్య 900 డాలర్ల తేడా, చవకది తీసుకోవచ్చా? (డాలస్)

కొత్తఇల్లు_డాలస్:
అందరికీ నమస్కారం. డాలస్‌కి ఉత్తరం వైపు సబర్బ్‌లో ఇల్లు కొంటున్నాం, నెలాఖరులో క్లోజింగ్ (సంతకాలు పెట్టి ఇల్లు చేతికి తీసుకునే రోజు). లోన్ ఆఫీసర్ రోజూ ఫోన్ చేసి ఇన్సూరెన్స్ పేపర్ ఏదీ అని ప్రాణం తీస్తున్నాడు. నా దగ్గర రెండు కోట్‌లు ఉన్నాయి, రెండూ హెచ్‌ఓ-3 (మామూలు సొంతింటి ఇన్సూరెన్స్) పాలసీలే. మొదటిది ఏడాదికి 3,150 డాలర్లు, రెండోది 2,240. ఇంత తేడా ఎందుకని రెండో ఏజెంట్‌ని అడిగితే "మా కంపెనీ రేట్లు తక్కువండీ, కవరేజ్ అంతా సేమ్" అన్నాడు. పేపర్ చూస్తే నాకు సేమ్‌లా కనబడట్లేదు.

మొదటి దాంట్లో డ్వెల్లింగ్ 4,10,000, రెండో దాంట్లో 3,40,000. గాలివాన, వడగళ్లకి డిడక్టిబుల్ (క్లెయిమ్‌లో మనం పెట్టుకోవాల్సిన వాటా) మొదటి దాంట్లో 1 శాతం, రెండో దాంట్లో 2 శాతం. రెండో దాంట్లో చివర ఎక్కడో "రూఫ్ పేమెంట్ షెడ్యూల్" అని ఒక పేజీ కూడా ఉంది. ఇంటికి పన్నెండేళ్లు, రూఫ్ కూడా అప్పటిదే, మామూలు షింగిల్స్ (పైకప్పు మీద పరిచే తారు పలకలు).

నాకు అర్థం కానిది ఇంకోటి. మేం కొంటున్నది 5,60,000కి. మరి రెండు కంపెనీలూ అంతకన్నా తక్కువకే ఎందుకు ఇన్సూర్ చేస్తున్నాయి? రేపు ఇల్లు కాలిపోతే మిగతా డబ్బు ఎవరిస్తారు? ఇంకా మా ఆవిడ బంగారం ఉంది, డిసెంబర్‌లో ఆరు వారాలు ఇండియా వెళ్తున్నాం, వీటికి ఏమైనా చూసుకోవాలా? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి, బుర్ర వేడెక్కిపోతోంది.

క్లెయిమ్స్_టేబుల్:
నేను క్లెయిమ్స్ డిపార్ట్‌మెంట్‌లోనే పనిచేస్తాను కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు 5,60,000 సంగతి. అందులో నేల ధర కూడా ఉంది కదా, ఇల్లు కాలినా నేల ఎక్కడికీ పోదు. డ్వెల్లింగ్ లిమిట్ అంటే అదే నేల మీద అదే ఇంటిని ఇవాళ్టి కూలి, ఇవాళ్టి కలప రేట్లతో మళ్లీ కట్టడానికి అయ్యే ఖర్చు. మార్కెట్‌లో ఇల్లు ఎంత పలుకుతుందన్న దాంతో దీనికి సంబంధం లేదు. అందుకని మీరు అడగాల్సింది 4,10,000 కరెక్టా, 3,40,000 కరెక్టా అని. ఇద్దరు ఏజెంట్లనీ వాళ్ల రీప్లేస్‌మెంట్ కాస్ట్ ఎస్టిమేట్ షీట్ పంపమనండి. చదరపు అడుగులు, ఎన్ని బాత్‌రూమ్‌లు, గోడ ఇటుకా సైడింగా, కౌంటర్‌టాప్ గ్రానైటా లామినేటా, అన్నీ అందులో ఉంటాయి. ప్రీమియం తగ్గించడానికి కొందరు అక్కడ గ్రానైట్‌ని లామినేట్ చేసేస్తారు, గరాజ్‌ని మర్చిపోతారు. ఆ షీట్‌లో మీ ఇల్లు మీ ఇంటిలా ఉందో లేదో చూడండి, పది నిమిషాల పని.

నిజంగా కట్టడానికి 4,10,000 అవుతుందనుకుంటే, రెండో పాలసీతో ఇల్లు మొత్తం పోయిన రోజున 70,000 మీ జేబులోంచి. 80 శాతం రూల్ అని ఇంకోటి ఉంది: కట్టే ఖర్చులో కనీసం 80 శాతానికి ఇన్సూర్ చేయకపోతే చిన్న నష్టాలకి కూడా కోత పెట్టి ఇస్తారు. 4,10,000లో 80 శాతం అంటే 3,28,000, అంటే మీరు ఇవాళ గట్టునే ఉన్నారు. రేట్లు పెరిగి కట్టే ఖర్చు 4,30,000 అయితే గీత 3,44,000కి పోతుంది, మీరు కిందికి వస్తారు. ఆ కోత పెద్దదేం కాదులెండి, పూర్తి నష్టం వచ్చినప్పుడు పడే గొయ్యే పెద్దది. డ్వెల్లింగ్ మీద 25 శాతం ఎక్స్‌టెండెడ్ రీప్లేస్‌మెంట్ కాస్ట్ (లిమిట్ దాటినా ఇంకో 25 శాతం దాకా ఇవ్వడం) ఉందా అని అడగండి. పెద్ద తుఫాను తర్వాత ఊళ్లో అందరూ ఒకేసారి కట్టుకుంటుంటే కాంట్రాక్టర్ రేట్లు ఆకాశంలో ఉంటాయి, దానికి ఇది పనికొస్తుంది.

ఇప్పుడు అసలు కథ, రూఫ్. డాలస్‌లో ఇన్సూరెన్స్ అంటే సగం వడగళ్ల ఇన్సూరెన్సే. ఆ షెడ్యూల్ పేజీ అంటే రూఫ్ వయసుని బట్టి, మార్చే ఖర్చులో కంపెనీ ఎంత శాతం లెక్కలోకి తీసుకుంటుందో చెప్పే టేబుల్. అందులో పన్నెండేళ్ల షింగిల్స్‌కి ఎంత శాతం రాశారో చూసి చెప్పండి, మిగతాది లెక్క కడదాం.

కొత్తఇల్లు_డాలస్:
చాలా థాంక్సండీ. ఆ పేజీలో టేబుల్ ఉంది, కాంపోజిషన్ షింగిల్, 12 ఏళ్లు అన్న చోట 40 శాతం అని ఉంది.

క్లెయిమ్స్_టేబుల్:
సరే. వడగళ్లు పడి రూఫ్ మొత్తం మార్చాల్సొచ్చింది, 18,000 అయిందనుకోండి.

రెండో పాలసీ: 18,000లో 40 శాతం, 7,200. అందులోంచి డిడక్టిబుల్ తీసేయాలి. 2 శాతం అంటే నష్టంలో 2 శాతం అనుకుంటారు చాలామంది, కాదు, డ్వెల్లింగ్ లిమిట్‌లో 2 శాతం. 3,40,000లో అంటే 6,800. మీ చేతికొచ్చే చెక్కు 400 డాలర్లు. 17,600 మీరు పెట్టుకోవాలి.

మొదటి పాలసీ, రూఫ్‌కి రీప్లేస్‌మెంట్ కాస్ట్ (వయసు కోత లేకుండా కొత్త రూఫ్ ఖర్చు) ఉందనుకుంటే: డిడక్టిబుల్ 4,100, మీకొచ్చేది 13,900. కానీ ఒకేసారి రాదు. ముందు పాత రూఫ్ విలువ లెక్కన ఒక చెక్కు (పాత విలువ 7,200 అని కడితే 3,100 వస్తుంది), పని అయిపోయి బిల్లు పంపాక మిగతా 10,800. పని చేయించకుండా మొదటి చెక్కు ఖర్చుపెట్టేసుకుంటే రెండోది రాదు, దానికి గడువు కూడా ఉంటుంది.

ఏడాదికి 910 మిగులుతుందని రెండోది తీసుకుంటే, ఒక్క వడగళ్ల వానకి 13,500 తేడా. ప్రతి ఏడాదీ రూఫ్ ఏడాది ముసలిదవుతుంది, ఆ 40 శాతం ఇంకా కిందికే పోతుంది. "కవరేజ్ అంతా సేమ్" అన్న ఏజెంట్‌ని ఆ మాట ఈమెయిల్‌లో రాయమనండి. నోటి మాట నీటి మూట.

ప్లేనో_బాబాయ్:
నాది కాస్త వేరే అభిప్రాయం. నేను కావాలనే డిడక్టిబుల్ పెద్దది పెట్టుకున్నాను, మిగిలిన ప్రీమియం పక్కన దాస్తున్నాను. ఇన్సూరెన్స్ ఉన్నది ఇల్లు కూలితే ఆదుకోవడానికి, ఫెన్స్ ఊడితే కట్టివ్వడానికి కాదు. పైగా చిన్న చిన్నవాటికి క్లెయిమ్ వేస్తే అది క్లూ రిపోర్ట్‌లో (ఇన్సూరెన్స్ కంపెనీలు చూసే మన పాత క్లెయిమ్‌ల చిట్టాలో) ఏడేళ్లు కూర్చుంటుంది, తర్వాత కంపెనీ మారదామన్నా రేటు పెంచుతారు, లేదంటే అసలు తీసుకోరు. తమ్ముడూ, చవకది అనగానే భయపడక్కర్లేదు, చేతిలో డబ్బుంటే పర్లేదు.

క్లెయిమ్స్_టేబుల్:
బాబాయ్ గారూ, డిడక్టిబుల్ విషయంలో మీతో నేనూ ఏకీభవిస్తాను. 1 శాతం, 2 శాతం అన్నది మన ఓపికని బట్టి ఎంచుకునేది, ఎంత పోతుందో ముందే తెలుస్తుంది. రూఫ్ షెడ్యూల్ అలా కాదు, అది కవరేజ్‌నే చెదలు పట్టినట్టు ఏటా తినేస్తుంది. అందుకని ఈయన రెండో కంపెనీనే అడగొచ్చు: డిడక్టిబుల్ 2 శాతమే ఉంచండి, డ్వెల్లింగ్ 4,10,000 చేసి, రూఫ్ షెడ్యూల్ తీసేసి రీప్లేస్‌మెంట్ కాస్ట్ పెట్టి మళ్లీ కోట్ ఇవ్వండి అని. అప్పుడే రెండు కోట్‌లు పక్కపక్కన పెట్టి చూడ్డానికి పనికొస్తాయి.

వడగళ్లు పడ్డ మర్నాడు కాలనీలో తలుపులు కొట్టే రూఫర్లు "డిడక్టిబుల్ మేం చూసుకుంటాం సార్" అంటారు, ఒప్పుకోకండి. టెక్సాస్‌లో 2019 సెప్టెంబర్ 1 నుంచి అది చట్టవిరుద్ధం, డిడక్టిబుల్ కట్టినట్టు రుజువు చూపించమని కంపెనీ అడగొచ్చు. రూఫ్ ఎప్పుడైనా మారిస్తే క్లాస్ 4 షింగిల్స్ (వడగళ్ల దెబ్బని బాగా తట్టుకునేవి) ధర కూడా కనుక్కోండి, చాలా కంపెనీలు డిస్కౌంట్ ఇస్తాయి. కాకపోతే కొన్నిచోట్ల ఆ డిస్కౌంట్‌తో పాటు "సొట్టలు పడితే ఇవ్వం, కారితేనే ఇస్తాం" అనే కాగితం మీద సంతకం పెట్టించుకుంటారు, చదివి పెట్టండి.

హ్యూస్టన్_పిన్ని:
అందరూ రూఫ్ గురించే చెప్తున్నారు, నీళ్ల గురించి ఎవరూ అనట్లేదు. మేం 2017లో హార్వీ తుఫాను వరదలు చూసినవాళ్లం. మా వీధిలో చాలా ఇళ్లు హై రిస్క్ జోన్‌లో లేవు, బ్యాంకు అడగలేదు కాబట్టి ఫ్లడ్ ఇన్సూరెన్స్ తీసుకోలేదు, మామూలు హోమ్ ఇన్సూరెన్స్ ఉంది కదా అని ధైర్యంగా ఉన్నారు. బయట నుంచి నేల మీదుగా వచ్చిన నీళ్లకి హెచ్‌ఓ-3 పైసా ఇవ్వదు. అదే నీళ్లు రూఫ్ ఎగిరిపోయి పైనుంచి పడితే ఇస్తుంది. ఇంట్లో తడిసిన కార్పెట్‌కి ఈ తేడా ఏం తెలుస్తుంది చెప్పండి, పాలసీకి మాత్రం అదే ప్రాణం.

ఫ్లడ్‌కి ప్రభుత్వ ఎన్‌ఎఫ్‌ఐపీ పాలసీ వేరే తీసుకోవాలి. ఇంటికి ఎక్కువలో ఎక్కువ 2,50,000, సామాన్లకి 1,00,000, సామాన్లది విడిగా అడిగి కొనుక్కోవాలి, దానంతట అది రాదు. హోటల్ ఖర్చులు కూడా ఇవ్వరు. మామూలుగా అయితే కొన్నాక 30 రోజులకి గానీ మొదలవ్వదు, టెక్సాస్ పక్కనున్న గల్ఫ్ సముద్రంలో తుఫాను కనబడ్డాక పరిగెత్తితే లాభం లేదు. కానీ లోన్ క్లోజింగ్‌తో పాటు తీసుకుంటే ఆ 30 రోజుల ఆగుడు ఉండదు. కాబట్టి తీసుకునే ఉద్దేశం ఉంటే మీకు ఇదే టైమ్. డాలస్‌లో మా అంత భయం లేదు గానీ ఇంటి వెనక క్రీక్ ఉంటే మాత్రం కోట్ అడగండి, రిస్క్ తక్కువ ఉన్నచోట పెద్ద ధర ఉండదు.

ఇంకోటి, డ్రెయిన్ పైకి పొంగడం. టబ్‌లోంచి మురుగునీళ్లు ఎదురొస్తే మామూలు పాలసీలో లేదు, వాటర్ బ్యాకప్ ఎండార్స్‌మెంట్ అని వేరే కలపాలి, కొద్ది డబ్బే. పైపు హఠాత్తుగా పగిలితే కవర్ అవుతుంది. సింక్ కింద వారాల తరబడి సన్నగా కారి చెక్క కుళ్లిపోతే మాత్రం "ఇది మెయింటెనెన్స్" అని చేతులు దులుపుకుంటారు. మన టెక్సాస్ బంకమట్టికి ఫౌండేషన్ కదలడం కూడా అంతే, కవర్ అవ్వదు. స్లాబ్ కింద పైపు లీకయి దెబ్బతింటే ఇచ్చే ఎండార్స్‌మెంట్ కొన్ని కంపెనీల్లో ఉంది, అడిగి చూడండి.

ఆస్టిన్_అక్క:
బంగారం గురించి నేను చెప్తాను, మన ఇళ్లల్లో అసలు ఆస్తి అదే కదా.

పర్సనల్ ప్రాపర్టీ 2,00,000 అని పేపర్ మీద చూసి నగలన్నీ అందులో ఉన్నాయనుకోకండి. స్టాండర్డ్ హెచ్‌ఓ-3లో నగలు దొంగతనం అయితే మొత్తం కలిపి 1,500 డాలర్లే లిమిట్, కొన్ని కంపెనీలు కాస్త ఎక్కువ ఇస్తాయి. బంగారు బిస్కెట్లు, కాసులు ఉంటే ఇంకా దారుణం, వాటిని నగదుతో కలిపి 200 దగ్గర ఆపేస్తారు. పెళ్లిలో పెట్టిన ఒక్క హారం ధర ఎంతో మీకు తెలుసు, నేను చెప్పక్కర్లేదు.

దీనికి మందు నగలని షెడ్యూల్ చేయించడం, అంటే ఒక్కో వస్తువు పేరు, విలువ రాయించి వేరే ప్రీమియం కట్టడం. అలా చేయిస్తే దొంగతనమే కాదు, ఎక్కడో పడిపోయినా, ఫంక్షన్‌లో చెవిదుద్దు ఊడిపోయినా కవర్ అవుతుంది, చాలాచోట్ల డిడక్టిబుల్ కూడా ఉండదు. బిల్లు అడుగుతారు. అమ్మమ్మ ఇచ్చినవాటికి బిల్లు ఎక్కడిది, ఇక్కడ అప్రైజర్ దగ్గర విలువ కట్టించి ఫొటోలు తీసి పెట్టుకోవాలి. బంగారం రేటు పెరుగుతోంది కాబట్టి ఆ కాగితం కొన్నేళ్లకోసారి తిరగరాయించాలి, లేకపోతే పాత రేటుకే ఇస్తారు. బ్యాంకు లాకర్‌లో ఉంది కదా అంటారేమో, లాకర్‌లో వస్తువులకి ఎఫ్‌డీఐసీ (బ్యాంకు డిపాజిట్లకి ప్రభుత్వ బీమా) గ్యారంటీ లేదు, అది అకౌంట్‌లో డబ్బుకే. లాకర్‌లోనే ఉంటుందని చెప్తే షెడ్యూల్ రేటు తగ్గిస్తారు, అప్పుడు తీసి ఇంట్లో పెట్టుకున్నప్పుడు చెప్పాలి.

డిసెంబర్ ప్రయాణం: 2021 ఫిబ్రవరి చలి మర్చిపోలేదు కదా ఎవరూ, కరెంటు పోయి టెక్సాస్ అంతా పైపులు పగిలాయి. మీరు ఊళ్లో లేనప్పుడు పైపు గడ్డకట్టి పగిలితే, హీట్ ఆన్‌లో ఉంచారా లేక మెయిన్ వాల్వ్ కట్టేసి పైపులు ఖాళీ చేశారా అని చూస్తారు. రెండూ లేకపోతే క్లెయిమ్ కొట్టేయొచ్చు. మీరు ఎలాగూ వాడరు కాబట్టి వాల్వ్ కట్టేయండి, పైపులు ఖాళీ చేయండి, హీట్ కూడా ఆన్‌లోనే ఉంచండి, పక్కింటివాళ్లకి తాళం ఇచ్చి వారానికోసారి చూడమనండి. వాల్వ్ ఫొటో, థర్మోస్టాట్ ఫొటో ఫోన్‌లో ఉంటే తర్వాత వాదన ఉండదు. ఆరు వారాలకి ఇల్లు "వేకెంట్" అవ్వదు, సామాన్లున్నాయి, తిరిగొస్తున్నారు. ఎటొచ్చీ ఉద్యోగం మారి ఇల్లు అద్దెకిస్తే మాత్రం ఈ పాలసీ చెల్లదు, ల్యాండ్‌లార్డ్ పాలసీకి మారాలి. చాలామంది ఇది చెప్పకుండా అద్దెకిచ్చేసి నిశ్చింతగా ఉంటారు, నాకు చూస్తేనే టెన్షన్.

ప్లేనో_బాబాయ్:
లయబిలిటీ ఎంత ఉందో ఎవరూ అడగలేదు. కోట్‌లలో తరచూ 1,00,000 పెట్టేస్తారు, దాన్ని 3,00,000కో 5,00,000కో పెంచితే పెరిగేది చాలా తక్కువ. పాట్‌లక్‌కి వచ్చినవాళ్ల అబ్బాయి మీ ట్రాంపొలీన్ మీంచి పడితే, మీ కుక్క డెలివరీ కుర్రాడిని కరిస్తే, పనికొచ్చేది ఇదే. ట్రాంపొలీన్, పూల్, కొన్ని జాతుల కుక్కలు ఉంటే ముందే చెప్పాలి, దాచిపెడితే తర్వాత అదే సాకు అవుతుంది. పది లక్షల డాలర్ల అంబ్రెల్లా (ఇంటి, కారు పాలసీల లయబిలిటీ అయిపోయాక ఆదుకునే అదనపు పాలసీ) తీసుకోవాలంటే కూడా ఇంటి పాలసీలో మామూలుగా 3,00,000 లయబిలిటీ ఉండాలి, కారుది కూడా పెంచమంటారు.

కొత్తఇల్లు_డాలస్:
మీ అందరికీ ఎలా థాంక్స్ చెప్పాలో తెలియట్లేదు. క్లెయిమ్స్_టేబుల్ గారు చెప్పినట్టే రెండో కంపెనీని మళ్లీ అడిగాను. డ్వెల్లింగ్ 4,10,000, రూఫ్‌కి రీప్లేస్‌మెంట్ కాస్ట్, లయబిలిటీ 3,00,000, వాటర్ బ్యాకప్ కలిపి, డిడక్టిబుల్ 2 శాతం: ఇప్పుడు 2,940 అంటున్నారు. మొదటి కంపెనీ 1 శాతం డిడక్టిబుల్‌తో అవే కలిపి 3,290. షీట్ కూడా తెప్పించాను, రెండో ఏజెంట్ తన పాత కోట్ షీట్‌లో మూడు బాత్‌రూమ్‌ల ఇంటిని రెండు బాత్‌రూమ్‌లు అని రాశాడు, గరాజ్ లేదు! సరిచేయమంటే "సిస్టమ్ అలా తీసుకుందండీ" అన్నాడు. ఇప్పుడు ఏది తీసుకోను? ఇంకో డౌట్, ఎస్క్రో ఉంది కదా (నెల కిస్తీతో పాటు ఇన్సూరెన్స్ డబ్బు కూడా తీసుకుని బ్యాంకే కడుతుంది), తర్వాత కంపెనీ మారాలంటే బ్యాంకు ఒప్పుకుంటుందా?

క్లెయిమ్స్_టేబుల్:
ఇప్పుడు లెక్క సులువు. 350 డాలర్ల తేడాకి డిడక్టిబుల్ 4,100 బదులు 8,200. పన్నెండేళ్లలోపు మీకు ఒక్కసారి రూఫ్ పోయినా మొదటిది మీకు కలిసొస్తుంది. డాలస్‌లో పన్నెండేళ్లు వడగళ్లు తప్పించుకున్న రూఫ్ అంటే అదృష్టం ఇప్పటికే చాలా వాడేసింది. మీ స్థానంలో నేనైతే మొదటిదే తీసుకుంటాను. బాబాయ్ గారిలా 8,200 ఎప్పుడూ పక్కన ఉంచగలిగితే రెండోదీ తప్పు కాదు, కానీ కొత్త ఇల్లు కొన్న మొదటి ఏడాది ఎవరి దగ్గరా పక్కన డబ్బు ఉండదు. సంతకం పెట్టేముందు టెక్సాస్ డిపార్ట్‌మెంట్ ఆఫ్ ఇన్సూరెన్స్ సైట్‌లో రెండు కంపెనీల కంప్లైంట్ల రికార్డు కూడా చూడండి, ఫ్రీయే.

ఎస్క్రో ఉన్నా పాలసీ మీదే, ఎప్పుడైనా మారొచ్చు, ఏడాది మధ్యలో కూడా. కొత్తది మొదలయ్యే తేదీ, పాతది ఆగే తేదీ ఒకటే ఉండాలి, ఒక్క రోజు ఖాళీ ఉన్నా బ్యాంకు తనే ఒక పాలసీ తెచ్చి మీ నెత్తిన పెడుతుంది, అది విపరీతమైన రేటు, పైగా కాపాడేది బ్యాంకు లోన్‌ని, మీ సామాన్లని కాదు. పాత కంపెనీ మిగిలిన ప్రీమియం చెక్కు మామూలుగా మీ పేరు మీదే పంపుతుంది, అది ఎస్క్రోలో తిరిగి వేసేయండి. లేదంటే మర్నాడు ఎస్క్రో తగ్గిందని నెల కిస్తీ పెంచుతారు.

క్లోజింగ్‌కి ముందు లోన్ ఆఫీసర్ దగ్గర మార్ట్‌గేజీ క్లాజ్ తీసుకోండి, అందులో బ్యాంకు పేరు, అడ్రస్, మీ లోన్ నంబర్ ఉంటాయి. దాన్ని అక్షరం తేడా లేకుండా ఏజెంట్‌కి పంపి, డిక్లరేషన్ పేజీ (పాలసీ ముఖ్య వివరాలుండే పేజీ) రాగానే మీ పేర్లు, ఇంటి అడ్రస్, రూఫ్ దగ్గర "రీప్లేస్‌మెంట్ కాస్ట్" అన్న మాట ఉందా అని మీరే చదువుకోండి. నగల షెడ్యూల్ క్లోజింగ్ అయ్యాక కలుపుకోవచ్చు, కానీ ఇండియా ప్రయాణానికి ముందే.

ఆస్టిన్_అక్క:
ఆ, నగలు ఇండియాకి వేసుకెళ్తారు కదా, షెడ్యూల్ చేయించేటప్పుడు అమెరికా బయట కూడా కవర్ అవుతాయా అని అడిగి రాయించుకోండి. చాలావాటిలో ప్రపంచమంతా కవరే, అయినా మీ పాలసీలో ఉందో లేదో చూసుకోండి.